పుస్తకాలకు మగ్గాలు చెప్పిన మాట

ఆరు మగ్గాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. గుమ్మంలో షావుకారు నిలబడి ఉన్నాడు.

ధర్మవరంలో మగ్గాల షెడ్డు పక్కన కాపురమున్నవాళ్లకు ఆ చప్పుడు వినబడదు. ఆగినప్పుడే వినబడుతుంది. నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. షెడ్డు లోపల గోడకు ఆనుకుని నేసేవాళ్లకు పుస్తకం చదివి వినిపిస్తున్న ఆమె, చదివిన వాక్యం దగ్గర వేలు పెట్టి పుస్తకం మూసింది. మగ్గం ఆగిన రోజే ఈ చదువుకు ఆఖరని షావుకారు అందరి ముందూ చెప్పి నెల కూడా కాలేదు. ఇప్పుడు ఒక్కటి కాదు, అన్నీ ఆగాయి. పుస్తకంలో ఒక ముసలామె నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగుతోంది. పైన తాడు పట్టినవాడి కాలు జారింది. మగ్గాలు అక్కడ ఆగాయి.

ఇది ఇంతవరకు ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆమె ఆ షెడ్డులో ఏళ్ల తరబడి కండెలు చుట్టింది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఇమిడే చిన్న గొట్టానికి పట్టుపోగు చుట్టిపెట్టడం ఆ పని. ఆమె భర్త బస్టాండు దగ్గర కుక్కర్లు, గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. నేసేవాళ్లలో అందరికంటే పెద్దాయన ఆమెను బిడ్డా అంటాడు, మిగతావాళ్లు అక్కా అంటారు. రంజాన్ నెలలో ఆమె ఎదురుగా ఎవరూ టీ తాగరు. ఆమె ఎన్నిసార్లు తాగమన్నా, గ్లాసులు పట్టుకుని నా మెట్టు మీదికి వస్తారు.

ఒకరోజు షావుకారు కరెంటుతో తిరిగే కండెల యంత్రం తెచ్చాడు. ఆమెను పొమ్మనలేదు. చేయించడానికి పని లేదు, అంతే. మర్నాడు ఆమె ఎప్పటి వేళకే వచ్చి తన చోట కూర్చుంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. పేపరు డెస్కు మీద జీవితం గడిపినవాణ్ని, అడగడం అలవాటు.

"ఇంట్లో కూచుంటే గోడలే సారూ మాట్లాడేదానికి. ఈడయితే ఆరుగురుండారు" అంది.

ఊరికే కూర్చోలేక, నేను చదివి పడేసిన పేపరు తీసుకుని వాళ్లకు వినిపించడం మొదలుపెట్టింది. మగ్గాల రొదలో బతికిన గొంతు అది. అరవదు. పోగును బిగించే పలక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే సందులో మాటను పెడుతుంది. నేను చాలా సభల్లో చాలామంది చదవగా విన్నాను, ఇలా చదివినవాళ్లను చూడలేదు. అయితే పేపరు పొద్దున్నే అయిపోయేది. తర్వాత ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఇంకెన్నాళ్లు అలా కూర్చోనిస్తారో ఆమెకూ తెలియదు.

నా దగ్గర గోనెసంచుల నిండా పుస్తకాలున్నాయి. మా పేపరుకు సమీక్ష కోసం వచ్చి, సమీక్షకు నోచుకోనివి. ఆఫీసు మారినప్పుడు చిత్తుకాగితాల వాడికి వేయబోతుంటే ఇంటికి తెచ్చుకున్నాను. వాటిలో నవల పక్కన వాస్తు, వాస్తు పక్కన కవిత్వం, కవిత్వం పక్కన కోళ్ల పెంపకం ఉంటాయి. ఒక సంచి మూతి విప్పి షెడ్డులో పెట్టాను.

మా పేపర్లో పుస్తకం గురించి రాయడానికి కొన్ని మాటలు సిద్ధంగా ఉండేవి. పఠనీయం, సంగ్రహణీయం, ప్రతి ఇంటా ఉండదగ్గది. షెడ్డులో ఆ మాటలు ఎవరికీ తెలియవు. మొదట ఒక డిటెక్టివ్ నవల చదివారు. హంతకుడు వంటమనిషేనని రెండో అధ్యాయానికే పెద్దాయన తేల్చేశాడు. తక్కినవాళ్లు ఒప్పుకోలేదు. ఎవరి మాట నెగ్గుతుందోనన్న ఆత్రంలో మగ్గాలు పరుగెత్తాయి. చివరికి వంటమనిషే. "ఇంత చిన్న సంగతికి ఇన్ని పేజీలా" అని ఆయన పెదవి విరిచాడు. జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి, తెల్లవారకముందే నిద్ర లేవాలని మొదలైంది. నాలుగింటికి లేచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టే వాళ్లకు అది నవ్వులాటయింది. ఇది మనకు కాదు, షావుకారింటికి పంపమన్నారు. వంటల పుస్తకాన్ని మధ్యాహ్నం తిన్నాకే చదవాలని కట్టుబాటు పెట్టుకున్నారు. తినకముందు చదివితే చేతులు ఆడవట.

కోస్తా నవల ఒకటి వచ్చింది. మొదటి పేజీలో పట్టుకున్న వాన సగం పుస్తకం దాకా విడవలేదు. మా జిల్లాలో మబ్బు కనబడితే బయటికి వచ్చి చూస్తారు. వీళ్లు రెండు రోజులు మాట్లాడకుండా విన్నారు. మూడో రోజు ఒక నేతగత్తె పలక ఆపకుండానే నా వైపు తిరిగింది.

"సారూ, ఇది రాసిన ఆయప్ప మీకు తెలిసినోడేనా? ఇన్ని వానలు ఒగ ఊరి మీదే పోసినాడే, ఈ పక్కకు ఒగ పేజీ ఇడవమని రాయకూడదా?"

కవిత్వం మాత్రం పోతుందనుకున్నాను. అదీ కొత్తరకం కవిత్వం, వాక్యాన్ని ఎక్కడపడితే అక్కడ విరిచి కిందికి దింపినది. ఆమె విరిచినచోటల్లా ఆగి చదివింది. వయసులో చిన్నవాడు తట్టుకోలేకపోయాడు. "అక్కా, ఆయప్ప యాడంటే ఆడ పోగు తెంపినాడు. అతికి చదువు" అన్నాడు. ఆమె అతికి చదివింది. బాగుంది. నాకు కూడా మొదటిసారి అర్థమయింది.

ఆ తర్వాతది ఒక మంచు దేశపు నవల, తెలుగులోకి వచ్చిన లావుపాటి పుస్తకం. పేర్లు నోరు తిరగవు. రెండో రోజుకు అందులోని మనుషులందరికీ మా వైపు పేర్లు పెట్టేశారు. కనబడ్డవాణ్నల్లా కాగితాలు చూపించమనే అధికారి గుంతకల్లు టీసీ అయ్యాడు. ఎప్పుడూ అలిగే జమీందారు పెనుకొండ పెదనాయన. వాళ్ల మధ్య ఒక ముసలి గుర్రం ఉంది. దానికి పేరు పెట్టలేదు. గుర్రమనే అన్నారు.

చిక్కు ఆ గుర్రంతోనే వచ్చింది.

చీర మగ్గం మీద నుంచి కోసి దించాక షావుకారు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. పలక దెబ్బ అన్నిచోట్లా ఒకేలా పడితే నేత సమంగా ఉంటుంది. దెబ్బ మెత్తగా పడిన చోట పలచబడుతుంది. ఆ రోజు ఆయన చీర అటూ ఇటూ తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఈడ జానెడు పలచగా ఉండాది. ఈడ ఎవరు సచ్చిపోయినారు?"

వెటకారానికే అడిగాడు. నేసినామె మాత్రం తడుముకోలేదు. "గుర్రం, సావుకారీ" అంది.

ఆయన మిగతా చీరలు కూడా దిగేదాకా ఆగి, అన్నీ వెలుతురుకు పట్టాడు. ఆరు చీరల్లోనూ గుర్రం చచ్చిపోయిన చోటు ఉంది. ఒకరి దాంట్లో జానెడు, ఒకరి దాంట్లో బెత్తెడు. అందరికంటే గట్టి మనిషనుకున్న పెద్దాయన చీరలో మూరెడు.

నేను పేపర్లో అన్నేళ్లు పుస్తకాల పేజీ చూశాను. ఇంత నిజమైన సమీక్ష ఎప్పుడూ చూడలేదు. కానీ షావుకారు సంగతి వేరు. పలచబడిన చీరకు ధర రాదు. ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు.

తర్వాత వారం సంచిలో చేతికి అందింది ఒక రాజకీయ నాయకుడి ఆత్మకథ. చిత్రంగా, ఆ వారం దిగిన చీరలు అద్దాల్లా ఉన్నాయి. ఎక్కడా పలచన లేదు, బిగువు లేదు. షావుకారు ముచ్చటపడి, ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని నన్ను అడిగాడు. ఇంకా రెండు భాగాలున్నాయన్నాను. ఇకమీదట అవే చదవమని ఆమెతో చెప్పి వెళ్లాడు. రెండో భాగం సగానికి వచ్చేసరికి పెద్దాయన తిరగబడ్డాడు.

"సావుకారీ, ఆయప్ప పుట్టినప్పటి నుంచి ఒగ తప్పు చేయలేదంట. అట్లాంటోనితో ఎన్ని దినాలు కూచునేది?"

షావుకారు గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఏం కావాలో అది చదువుకోండి గానీ, మగ్గం ఆగిన రోజే ఈ చదువు ఆఖరు, ఆమె ఇంటికి పోవాల్సిందే అని చెప్పాడు. ఆమె తలవంచుకుని వింది. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "సారూ, ఎవరూ ఏడవని పుస్తకాలు చూసి పెట్టండి" అంది.

ఇద్దరం కూర్చుని సంచులు వెదికాం. ఒకటి సన్నటిది, వెలిసిన అట్ట, మీద బావి బొమ్మ. కణేకల్ వైపు రైతొకాయన సొంతంగా అచ్చు వేయించుకున్నాడని ముందుమాటలో ఉంది. వ్యవసాయం పుస్తకమనుకున్నాం. ఆమె నాలుగు పేజీలు తిప్పి చూసింది. ఎక్కడ చూసినా మట్టి, రాయి, లోతు. ఇంతకంటే క్షేమమైన పుస్తకం ఉండదనుకున్నాం.

అది నవల. ఎండిన చేలో బావి తవ్వించాలని పట్టుబట్టిన ఒక ముసలామె కథ. కొడుకులు వద్దన్నారు. బండ తగిలాక తవ్వేవాళ్లు పారలు పైకి వేసి వెళ్లిపోయారు. అడుగున చెమ్మ ఉందో లేదో తానే చూస్తానని ఆమె నడుముకు తాడు కట్టించుకుంది. ఒక్క పెద్ద మాట లేకుండా రాశాడాయన. రెండో రోజుకే నాకు భయం పట్టుకుంది. మధ్యలో ఆపమని సైగ చేశాను. ఆమె నావైపు చూడలేదు.

ఇక ఆ గుమ్మం దగ్గరికి వస్తాను.

షావుకారు లోపలికి వచ్చాడు. ఎవరూ కదలలేదు. ఆమె మూసిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, లేవడానికి ఒక చెయ్యి నేల మీద ఆన్చింది.

"ఏమ్మా, ఆపితివి?" అన్నాడాయన.

ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆ పక్క గదిలో పట్టు తూచుకుంటా మూడు దినాల నుంచి ఇంటాండా. తాడు పట్టినోడు జారినాడే, ఆయమ్మ ఏమయింది?"

పెద్దాయన గుంతలో నుంచి, ఎందుకైనా మంచిదని, గుర్తు చేశాడు. "సావుకారీ, మగ్గాలు ఆగినాయి."

"నాకూ చెవులుండాయి లేప్పా. తక్కెడ యాడిదాడ ఇడిచిపెట్టి వచ్చినా నేను. చదువమ్మా."

ఆయన పట్టు వచ్చిన పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆమె పుస్తకం తెరిచింది. ఇప్పుడు పలక దెబ్బల మధ్య సందు వెదకనక్కర్లేదు. గొంతు తగ్గించి చదివింది. ముసలామె గోడరాయి పట్టుకుని నిలదొక్కుకుని, అడుగుకు చేరి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసేదాకా ఎవరూ నాడె ముట్టలేదు. ఆ తర్వాత షావుకారు లేచి, దులుపుకుని, తక్కెడ దగ్గరికి వెళ్లిపోయాడు. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

తీర్పు చీరలు దిగిన రోజు వచ్చింది. ఆయన ఆరింటినీ వెలుతురుకు పట్టాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. ఎక్కడా పలచన లేదు. బావిలోకి దిగిన చోటేదో నేసినవాళ్లే చూపించలేకపోయారు.

"చెయ్యి ఈడ, చెవి ఆడ పెడితేనే పలచబడేది" అన్నాడు. "పట్టలేనంత వచ్చినప్పుడు ఆపి ఇనండి. ఇన్నాక నేయండి. అంతేగానీ సగం సగం చేయాకండి."

ఆ శనివారం కూలి అందుకునే వరసలో ఆమె నిలబడింది. కండెల యంత్రం వచ్చాక అదే మొదటిసారి. ఏం పని కింద ఇస్తున్నావని షావుకారును పెద్దాయన ఆటపట్టించాడు. కండెలే అనుకో, అన్నాడాయన. ఆమె కొంగులో ముడివేసుకుంటూ నవ్వింది. ఆ మధ్యాహ్నం భర్త దుకాణం మూసి వచ్చి, షెడ్డు అందరికీ తన చేత్తో టీ పోశాడు. పక్క వీధి షెడ్డువాళ్లు తమకూ చదివేవాళ్లు కావాలని వచ్చారు. ఆమె రెండుచోట్ల కూర్చోలేనని చెప్పి, వాళ్ల ఇంటి కోడలికే పలక దెబ్బల మధ్య మాట పెట్టడం నేర్పింది. ఇప్పుడు నా సంచులు రెండు షెడ్ల మధ్య తిరుగుతున్నాయి. ఒక షెడ్డు మెచ్చిన పుస్తకాన్ని రెండోది తిట్టడం కూడా మొదలైంది.

బావి పుస్తకం మాత్రం పూర్తి కాలేదు. ముసలామె చెప్పినచోట మందు పెట్టి బండ పేల్చబోతున్నారు. చదివే ఆమె పేజీ తిప్పి నాలుగు వాక్యాలు చదివింది. "ఇది నిన్న చదివితివి గదక్కా" అన్నాడు చిన్నవాడు. పుస్తకం తీసుకుని చూశాను. పుస్తకాన్ని పదహారు పేజీల ఫారాలుగా అచ్చువేసి వరసగా పేర్చి కుడతారు. కుట్టినవాడు ఆఖరి ఫారం పెట్టాల్సిన చోట అంతకుముందు ఫారాన్నే మళ్లీ పెట్టాడు. అచ్చు వేసిన ప్రెస్సు ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. షావుకారు కణేకల్ వైపు మనిషిని పంపించాడు. రాసినాయన ఆచూకీ ఎవరూ చెప్పలేకపోయారు.

షెడ్డు రెండుగా చీలింది. నీళ్లు పడ్డాయని పెద్దాయన అంటాడు, పడకపోతే ఎవడు రాస్తాడని. ఆమె ఒప్పుకోదు. "పడింటే పంట పెట్టుకోకుండా పుస్తకం రాసే తీరిక యాడిది?" అంటుంది. షావుకారు ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు.

నాకు తెలిసినవాళ్లందరినీ ఇంకో ప్రతి కోసం అడుగుతూనే ఉన్నాను. ఇంతవరకు దొరకలేదు. ఆ బావిలో నీళ్లు పడ్డాయో లేదో మాకు తెలియదు.