పోట్లాడుకునేవాళ్ళు నా కోసం వెతికారు

మా వారి ఫోను రావడం ఆగిపోయిన ఆ రోజుల్లో, సహోదరులారా, నేను అన్నం కలుపుకుని ముద్ద నోటి దాకా ఎత్తలేక కంచం పక్కన పెట్టేసేదాన్ని. మా వారు యోహాను గారిది బందరు అవతల సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబం. ఆయన ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు పని నేర్చుకుని, నైజీరియాలోని లాగోస్‌లో చేపల కోల్డ్ స్టోరేజీకి వెళ్ళారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఫోను చేసేవారు, అలాంటిది ఒక ఆదివారం రాలేదు, మరుసటి ఆదివారమూ రాలేదు, కంపెనీకి చేస్తే ఎవరూ ఎత్తలేదు, పంపిన ఏజెంటేమో "వస్తుందిలే అమ్మా, కంగారెందుకు" అని పెట్టేశాడు.

నేను గుడివాడలో కాన్వెంటు టీచర్ని, ఇంగ్లీషు చదవగలను గనుక బడి వదలగానే నెట్ సెంటరుకు వెళ్ళి లాగోస్ అని కొట్టి చూసేదాన్ని. అలా ఆ దేశస్తులు నెట్‌లో రాసుకుంటూ వాదించుకునే ఒక చోటు దొరికింది. అక్కడ ఎన్నికల కాలం. ఏ నాయకుడు దొంగ, ఉత్తరాది వాళ్ళు గొప్పా దక్షిణాది వాళ్ళు గొప్పా అని కాసేపు, ఏ సినిమా నటికి నటన రాదు, ఏ పాటగాడు ఎవరి పాట ఎత్తేశాడు అని కాసేపు, ఒకటే యుద్ధం! దేశం తగలబడిపోతుందని ఒకరు రాస్తే, రోడ్డు మీదికి రా తేల్చుకుందామని ఇంకొకరు. మన గుడివాడ సెంటర్లో కటౌట్ల కింద నరికేస్తాం పొడిచేస్తాం అనుకున్న కుర్రాళ్ళే సాయంత్రానికి ఒకే బండి మీద టీకి వెళ్ళడం నేను రోజూ చూసినదాన్నే, అయినా ఆ మాటలే ఇంగ్లీషులో కనిపించేసరికి అక్షరాలా నమ్మేశాను. ఆ మంటల్లో మా వారు ఎక్కడున్నారో అని గుండె దడ పట్టుకుంది, బడిలో పాఠం మధ్యలోనే ఆపేసేదాన్ని. డాక్టరు గారు మందులిచ్చారు గానీ నా రోగం మందులకు తగ్గేది కాదు.

మా పాస్టరమ్మ గారు నా అవస్థ చూసి, "వాళ్ళూ మనుషులే కదమ్మా, ప్రార్థన కూడికలో అడిగినట్టే వాళ్ళనీ అడుగు" అన్నారు. ఒక నటి గురించి వాళ్ళు జుట్లు పట్టుకుంటున్న సమయంలో మధ్యలో దూరి, మనం ప్రార్థన మనవి చెప్పుకున్నట్టే రాశాను, అందరికీ వందనాలు, నా భర్త యోహాను లాగోస్‌లో ఉన్నారు, కబురు లేదు, దయచేసి ప్రార్థించండి అని. ఇదేదో మోసం, నమ్మకండి అని ఒకాయన రాశాడు. వెంటనే అతన్ని తిట్టిపోసింది గ్రేస్ అనే ఆమె. అప్పటిదాకా ఆమెతో నాయకుల గురించీ నటుల గురించీ పోట్లాడిన ఉత్తరాది ముస్లిము ఇబ్రహీం, "ఏ ప్రాంతం సోదరీ?" అని అడిగాడు. కంపెనీ చిరునామా రాశాను. ఇద్దరూ లాగోస్‌లోనే ఉంటారట. ఎన్నికలని కంపెనీ మూసేసి ఉంటే, చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటిలో అడిగి, యోహాను అనే భారతీయుడు ఎక్కడా లేడని రాశారు.

ఆ శుక్రవారం మా ఇంట్లో కూడిక. మా అత్తయ్య గారు ఊరినుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు, బాప్తిస్మంలో కొడుక్కి పెట్టిన పేరు ఒక్కసారీ పలకలేదు, అది నాకు లోలోపల కష్టంగానే ఉండేది. అందరం యోహాను గారి కోసం కన్నీళ్ళతో ప్రార్థించాక, వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"అయ్యా ఏసు సామీ, నీకెలా మొక్కాలో నాకు తెలీదు. మా నాగేసు పరాయి దేశంలో ఉన్నాడు తండ్రీ. నేను చూడలేను, నువ్వు చూడు."

అప్పుడు తట్టింది నాకు. మా వారి పాస్‌పోర్టు బాప్తిస్మానికి ముందే తీసుకున్నది, అందులో పేరు నాగేశ్వరరావు! సంఘంలో మనవి చెప్పే అలవాటు చొప్పున సంఘం పిలిచే పేరే ఇచ్చాను, ఆసుపత్రి వాళ్ళకు ఆ పేరెలా తెలుస్తుంది?

మరునాడు అసలు పేరు, నా ఫోను నంబరు రాసి పంపాను. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని గ్రేస్, ఇబ్రహీం ఆ పేరు ఉందని చెప్పిన ఆసుపత్రి గేటు దగ్గర కలుసుకుని లోపలికి వెళ్ళారు. మా వారు అక్కడే ఉన్నారు. మలేరియా తలకెక్కి స్పృహ తప్పితే కంపెనీ వాచ్‌మన్ చేర్పించాడట, ఫోను ఎక్కడో పోయింది. గ్రేస్ మంచం పక్కన మోకరించింది, ఇబ్రహీం తనకు తెలిసిన పద్ధతిలో ప్రార్థనకు చేతులు చాచాడు, తర్వాత ఫోను చేసి మా వారి చెవి దగ్గర పెట్టారు. నేను వెంటనే ఫోను అత్తయ్య గారికిచ్చాను. ఆవిడ "నాగేసూ" అన్నారు. అటునుంచి నీరసంగా, "అమ్మా" అని వినిపించింది.

దేవునికే మహిమ కలుగును గాక! ఆ వారమే వాళ్ళిద్దరూ మళ్ళీ ఏదో పాటగాడి మీద తిట్టుకోవడం చదివి నేను ఏడుస్తూనే నవ్వాను. నా దడ పోయింది. ఇదిగో, మా వారు ఈ రోజు మీ మధ్యనే కూర్చున్నారు.

మీలో ఎవరైనా అయినవాళ్ళ కబురు తెలియక కుమిలిపోతుంటే, దయచేసి నోరు విప్పి అడగండి. సరిగ్గా అడగడం రాలేదని భయపడకండి. నేను నా భర్త పేరే తప్పు చెప్పాను, అయినా ప్రభువు ఆయన మంచం దాకా మనుషుల్ని నడిపించాడు.