ఖాళీ లేని పేరు

కోనసీమ విడి జిల్లా అయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కాకినాడ నుంచి అమలాపురం బదిలీ చేశారు. పరిశ్రమల శాఖలో సహాయ సంచాలకురాలి హోదా. పదవీ విరమణకు ముందు అదే ఆఖరి పోస్టింగు అవుతుందని ఆర్డరు చేతికి వచ్చినప్పుడే తెలుసు. కొత్త జిల్లా కాబట్టి కార్యాలయం అద్దె ఇంట్లో నడిచేది. సిబ్బంది సగమే ఉండేవారు. పని మాత్రం పూర్తిగా ఉండేది.

నా దగ్గరకు వచ్చేవన్నీ చిన్న యూనిట్లు: కొబ్బరి పీచు, కొబ్బరి పొడి, అప్పడాలు, పూతరేకులు. బ్యాంకు అప్పుకు సిఫారసు, యంత్రాల మీద సబ్సిడీ, ఆహార లైసెన్సు, పొట్లం మీద లేబులు, ఇవి మేము చూడవలసిన పనులు. వీటన్నిటి చివర మొక్కుబడిగా ఒక పని ఉండేది. సరుకుకు పేరు, వెబ్‌సైటుకు పేరు ఎంచుకోవడంలో సలహా ఇవ్వడం. యంత్రం కొనడానికి నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళు కూడా పేరు దగ్గరికి వచ్చేసరికి "ఏదోటి పెట్టేద్దామండి" అనేవారు.

పేరుకు కొన్ని నియమాలున్నాయి. ట్రేడ్‌మార్కు రిజిస్టరులో సరుకులన్నిటినీ తరగతులుగా విడదీశారు. తినే కొబ్బరి పొడి ఇరవై తొమ్మిదో తరగతిలోకి వస్తుంది. ఆ తరగతిలో అదే పేరుగాని, చెవికి అలాగే వినిపించే పేరుగాని ముందే ఎవరిదైనా ఉంటే మనకు రాదు. 'మంచి కొబ్బరి' వంటి, సరుకును వర్ణించే పేరు ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఊరి పేర్లకూ అదే చిక్కు. వెబ్‌సైటు విషయంలో ఇంకొక నియమం ఉంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఇంగ్లిషు అక్షరాలన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. ఈ చివరి నియమం ఒక కుటుంబాన్ని ఎంత బాధ పెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సుబ్రహ్మణ్యశాస్త్రి గారు రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తండ్రిగారు, తాతగారు వేదం చెప్పినవారు. ఈయన రిటైరయ్యాక భార్య కామేశ్వరి గారితో కలిసి ఎండు కొబ్బరి పొడి యూనిట్ పెట్టారు. కాయ చిప్ప తీసి, గోధుమరంగు పొర చెక్కి, కడిగి, మరలో తురిమి, డ్రయ్యరులో ఆరబెట్టి, జల్లెడ పట్టడం పని. పొర చెక్కడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. యూనిట్‌కు మనవడి పేరు పెట్టుకున్నారు. సుహాస్ ఎక్స్‌పోర్ట్స్. వెబ్‌సైటు, మెయిలు అడ్రసు అదే పేరు మీద తీసుకున్నారు.

ఆ సంవత్సరం మా శాఖ విశాఖపట్నంలో కొనుగోలుదార్ల సమావేశం పెట్టినప్పుడు వారిని నేనే తీసుకువెళ్ళాను. ముంబై నుంచి ఒక పెద్ద బిస్కట్ల కంపెనీ కొనుగోలు అధికారి వచ్చారు. శాస్త్రి గారి పొడి అరచేతిలో వేసుకుని వాసన చూశారు, నోట్లో వేసుకున్నారు, మళ్ళీ కొంచెం అడిగారు. పరీక్ష రిపోర్టు, ధరల పట్టిక యూనిట్ సొంత మెయిలు అడ్రసు నుంచి పంపమన్నారు. సరఫరాదారుగా నమోదు చేయడానికి అది వారి కంపెనీ నియమం. తిరిగి వస్తూ దంపతులిద్దరూ రైల్లో రెండో డ్రయ్యరు గురించే మాట్లాడుకున్నారు. దానికి సబ్సిడీ దరఖాస్తు వారంలోనే మా కార్యాలయానికి వచ్చింది.

తర్వాత చాలాకాలం వారి జాడ లేదు. ఒక సోమవారం కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్సు ముగించుకుని వచ్చేసరికి ఇద్దరూ నా గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"మీకు మెయిలు పెట్టేనండి. ఒకటికి రెండుసార్లు పెట్టేను. జవాబు లేకపోతే, పెద్దవారు పనుల్లో ఉన్నారేమో, మనమే వెళ్దామని వచ్చేమండి" అన్నారు శాస్త్రి గారు.

ఏమని పెట్టారని అడిగాను.

"రెండో డ్రయ్యరు దరఖాస్తు వెనక్కి తీసేసుకుంటున్నామనండి. ఉన్నదానికి కూడా బేరం వచ్చింది. ఇచ్చేద్దామనుకుంటున్నాం."

కారణం కామేశ్వరి గారు చెప్పారు. ముంబై కంపెనీకి మెయిలు పంపారు. జవాబు రాలేదు. ఫోను చేస్తే మెయిలు అందలేదు, మళ్ళీ పంపమన్నారు. పంపారు. మళ్ళీ అదే మాట. మూడోసారీ పంపారు.

"మూడోసారి కూడా రాలేదంటే దానర్థం ఏమిటండి?" అన్నారు శాస్త్రి గారు. "వద్దని మొహమ్మీద అనలేక అంటున్న మాటండి అది. మర్యాదస్తులు. మనం అర్థం చేసుకోవాలి."

"సరుకులోనే ఏదో లోపం ఉందండి" అన్నారు ఆవిడ. "రోజూ ప్రతి వాయీ నోట్లో వేసుకుని చూస్తున్నాను. నాకు తెలీటం లేదు. తెలిసినవాళ్ళు పట్టుకునుంటారు. పొర చెక్కేవాళ్ళని రావద్దన్నామండి. ఆ మాట చెప్పిన రోజు అన్నం సయించలేదు."

నేను ఆ కొనుగోలు అధికారిని చూశాను. వద్దనుకుంటే అక్కడే వద్దనే మనిషి. పైగా ఇంకొక సంగతి నాకు కుదరలేదు. ఆయనకు శాస్త్రి గారి సరుకు నచ్చలేదనే అనుకుందాం. మరి నాకు శాస్త్రి గారి మెయిలు ఎందుకు అందలేదు? నాకూ ఆ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. శాస్త్రి గారిని నా ఎదుటే తన ఫోను నుంచి నాకొక మెయిలు పంపమన్నాను. పంపారు. వెళ్ళినట్టు ఆయన ఫోను చూపించింది. నా కంప్యూటరులో ఏమీ రాలేదు.

రాష్ట్ర కార్యాలయంలో మా మెయిళ్ళు చూసే విభాగానికి ఫోను చేశాను. అక్కడి ఇంజనీరు, పంపినవారి అడ్రసు ఒక్కొక్క అక్షరమే చదవమన్నారు. చదవడం మొదలుపెట్టాను. "ఎస్, యు, హెచ్, ఎ, ఎస్, ఇ, ఎక్స్" అనేసరికి చదవడం ఆపేశాను. "అర్థమైందండి మేడమ్, మిగతాది చదవక్కర్లేదు" అన్నారు ఇంజనీరు.

సుహాస్ చివర ఒక ఎస్. ఎక్స్‌పోర్ట్స్ మొదట ఇ, ఎక్స్. బోర్డు మీద ఆ రెండు మాటల మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. వెబ్‌సైటులో ఉండదు. ఖాళీ తీసేస్తే ఆ మూడక్షరాలూ కలిసి, పిల్లల ఎదుట పైకి చదవలేని ఇంగ్లిషు మాట అవుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో, పెద్ద కంపెనీల్లో అసభ్యమైన మెయిళ్ళను ఆపడానికి వడపోత ఏర్పాట్లు ఉంటాయి. వాటిలో కొన్ని అర్థం చూడవు, అక్షరాలే చూస్తాయి. మా దగ్గరా, ముంబైలోనూ ఉన్నవి అలాంటివే.

తెలిసింది సరే, చెప్పడం ఎలాగన్నది ఇంకో సమస్య. ఎదుట కూర్చున్నది నాకంటే పెద్దవారు, పైగా మాస్టారు. ఆ మాట నా నోటితో అనడం నావల్ల కాలేదు. తెల్ల కాగితం మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో కలిపి రాసి, ముందు భాగం మీద స్కేలు, వెనక భాగం మీద పేపర్‌వెయిటు పెట్టి ఆయన వైపు తిప్పాను.

శాస్త్రి గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమిటటండీ?" అన్నారు కామేశ్వరి గారు.

"ఇంటికెళ్ళాక చెబుతాను" అన్నారాయన.

ఆవిడ ఆగలేదు. కాగితం తన వైపు లాక్కుని చూశారు. మొదట అర్థం కాలేదు. అర్థం అయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. "అయితే మన కొబ్బరి బాగానే ఉందన్నమాటండీ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నేను చెప్పలేను. రెండూ అయి ఉండవచ్చు.

శాస్త్రి గారు మాత్రం తల వంచుకునే ఉన్నారు. "పసివాడి పేరండి. బాగా పెట్టేను" అన్నారు. ఇందులో ఆయన తప్పు లేదని, వెబ్‌సైటు తయారుచేసినవారు, నమోదు చేసినవారు ఎవరూ చూడలేదని చెప్పాను. కంటికి అలవాటైన పేరును ఎవరూ అక్షరాలుగా చూడరు.

ముంబై అధికారికి వెంటనే ఫోను చేశాను. మీ వడపోత మా వారి పేరును ఒప్పుకోవడం లేదని మాత్రమే చెప్పాను. పేరేమిటని అడిగి, రాసుకుని, ఆయనే గట్టిగా నవ్వారు. మెయిళ్ళు మూడూ వారి దగ్గరే ఆగి ఉన్నాయని సాయంత్రానికి కబురు చేశారు. అన్నిసార్లు అడిగినా మెయిలు రాకపోయేసరికి, శాస్త్రి గారికి వేరే పార్టీ దొరికిందని వారు అనుకున్నారట. నమూనా ఆర్డరు ఇస్తామన్నారు. అయితే నమోదుకు కొత్త అడ్రసు కావాలి, తొందరగా కావాలి.

లైసెన్సులో, బ్యాంకులో పాత పేరు అలాగే ఉంచవచ్చు. వెబ్‌సైటుకు, పొట్లానికి కొత్త పేరు చూడాలి. మర్నాడు రాజోలు వెళ్ళాను. యూనిట్ వరండాలో కూర్చున్నాం. శాస్త్రి గారు రాత్రంతా ఆలోచించి ఉంచినవి సంస్కృతం పేర్లు. 'నారికేళామృతం' మంచిదే. కాని దాన్ని ఇంగ్లిషులో పదిమంది పది రకాలుగా రాస్తారు. 'లంక' అనుకున్నాం. శ్రీలంక సరుకనుకుంటారు. 'పాలకోరు' అన్నారు కామేశ్వరి గారు. పాలకొల్లు నుంచి వచ్చిందా అని అడుగుతారు. 'ముంగిలి' నాకు నచ్చింది. హిందీవాళ్ళకు వేరుశెనగ పేరులా వినిపిస్తుందని శాస్త్రి గారే కొట్టేశారు. మధ్యాహ్నానికి ముగ్గురమూ అలిసిపోయాం.

ఇన్నేళ్ళ పనిలో నాకొకటి తెలుసు. నిఘంటువు ముందు కూర్చుంటే పేరు దొరకదు. పనిచేసే మనిషిని పని గురించి అడగాలి. పొడి బాగా వచ్చిందని ఎలా తెలుస్తుందని కామేశ్వరి గారిని అడిగాను.

"పిడికిలి పట్టి వదిలితే ఉండ కట్టకూడదండి. రంగైతే చలువ చేసిన పంచెలా ఉండాలి" అన్నారు.

"చలువ" అన్నాను.

"ఆయ్, చలువేనండి. కొబ్బరి ఒంటికి కూడా చలువే కదండీ."

తెలుపూ, చల్లదనమూ ఒకే మాటలో ఉన్నాయి. కొబ్బరి అన్న మాట లేదు కాబట్టి వర్ణన అనే అభ్యంతరానికి అవకాశం తక్కువ. ఒక్క మాట కాబట్టి ఖాళీ గొడవ లేదు. పరీక్షించడానికి, భువనేశ్వర్‌లో ఉన్న నా పాత సహోద్యోగికి ఫోను చేశాను. ఆయనకు తెలుగు రాదు. పేరు ఒక్కసారే చెప్పి, విన్నట్టు ఇంగ్లిషులో రాసి పంపమన్నాను. మేము అనుకున్న అక్షరాలే వచ్చాయి. ఇరవై తొమ్మిదో తరగతిలో ఆ పేరు ఎవరిదీ కాదు. వెబ్‌సైటు అడ్రసు కూడా ఖాళీగానే ఉంది.

డబ్బు కట్టే ముందు శాస్త్రి గారు ఆగమన్నారు. పేరు కాగితం మీద రాసుకుని, రెండు వేళ్ళతో ముందొకసారి, వెనకొకసారి మూసి చూడసాగారు.

"మధ్యలో ఎల్, యు, వి ఉన్నాయండి. ఈ కాలం పిల్లలు ప్రేమని ఇలాగే రాస్తారట. ఇది కూడా పట్టుకుంటుందేమో."

"దాన్ని ఏ వడపోతా ఆపదండి" అన్నాను.

ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

కొత్త అడ్రసు నుంచి మెయిలు వెళ్ళింది. అందినట్టు ముంబై నుంచి అదే రోజు జవాబు వచ్చింది. పొర చెక్కే ఆడవాళ్ళను మళ్ళీ పనికి రమ్మని కామేశ్వరి గారు తానే ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చారు. డ్రయ్యరు బేరం రద్దు చేసుకున్నారు.

ఆ వారంలో రాష్ట్ర కార్యాలయం ఇంజనీరు ఫోను చేశారు. శాస్త్రి గారు నాకు పంపిన పాత మెయిళ్ళు వడపోతలో దొరికాయని, పంపించమంటారా అని అడిగారు. అవి దరఖాస్తు వెనక్కి తీసుకుంటూ రాసినవి. సమయానికి అందివుంటే నిబంధన ప్రకారం నేను ఆ ఫైలు మూసేదాన్ని. మూసిన ఫైలు తిరిగి తెరవడానికి వీల్లేదు. రెండో డ్రయ్యరు మరుసటి ఏడాది బడ్జెట్టు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. శాస్త్రి గారిని అడిగితే, "ఉన్నచోటే ఉండనివ్వండి" అన్నారు. వడపోతలో ఉంచే గడువు తీరాక అవే చెరిగిపోయాయి. డ్రయ్యరు ఆ సంవత్సరమే మంజూరైంది.

తర్వాత రిటైరయ్యేవరకూ నా బల్ల మీదికి వచ్చిన ప్రతి పేరునూ ఖాళీలు లేకుండా ఒకే గీత మీద రాయించి, ఆ పేరు ఎన్నడూ వినని మనిషితో చదివించాకే సంతకం పెట్టాను. పేరు పెట్టినవారికి అందులో తాము అనుకున్నదే కనిపిస్తుంది. అనుకోనిది చూడటానికి బయటి మనిషి కావాలి. జవాబు రానప్పుడు సరుకును అనుమానించే ముందు, మాట చేరిందో లేదో కనుక్కోవాలి.