కంట్రోల్ కె తర్వాత

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువు. ఎనభైల చివర్లో నూజివీడులో ఒక మామిడి నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరినప్పుడు మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. విజయవాడలో మూడు నెలల కోర్సు చేసి వచ్చానన్న టెక్కు ఒకటి ఉండేది నాకు. ఆ పెట్టెను ముట్టుకోవడం వచ్చిన మనిషిని ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే కాబట్టి, నాకు ఏది రాదో కనిపెట్టేవాళ్లు లేరు.

టైపు చేసే అప్పటి ఎడిటర్ ప్రోగ్రాంలో అన్నీ మీటలతోనే చెయ్యాలి, మౌసు లేదు. కంట్రోల్ నొక్కిపట్టి కె కొట్టాలి, ఆ తర్వాత ఇంకో అక్షరం. బి కొడితే మనకు కావలసిన ముక్క అక్కడ మొదలైనట్టు, మళ్ళీ కె కొడితే అక్కడితో అయిపోయినట్టు. అలా గుర్తు పెట్టిన ముక్కను వేరే ఫైల్లోకి రాసి దాచడానికి ఒక అక్షరం ఉండేది, పూర్తిగా చెరిపెయ్యడానికి ఇంకొకటి. క్యూ కొడితే అప్పటిదాకా చేసిందేదీ దాచకుండా బయటికి వచ్చేస్తుంది. చెరిపేశాక అయ్యో అంటే వినే మీట అందులో లేదు. ఈ అక్షరాల పట్టిక స్క్రీన్ పైభాగాన కనిపిస్తూ ఉండేది. నాకన్నీ నోటికొచ్చని చూపించుకోవడానికి చేరిన వారంలోనే దాన్ని తీసేశాను. పైన చెత్త పోయి శుభ్రంగా ఉందని షావుకారుగారు మెచ్చుకున్నారు కూడా.

ఆ నర్సరీకి అసలు బలం షావుకారుగారు కాదు, అంట్లు కట్టే తాత. విస్సన్నపేట వైపు పల్లె ఆయనది. ఏ తోటలో ఏ వరసలో ఏ చెట్టు అసలైన చిన్నరసమో, ఏది పైకి బంగినపల్లిలా కనబడి లోపల పీచు కడుతుందో, ఏ చెట్టు పుల్ల తెచ్చి టెంక మొక్కకు కడితే నిలుస్తుందో ఆయనకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. చదువు లేదు. అంతా బుర్రలోనే. ఆ ఏడాది ఆయనకు గొంతులో పుండు లేచింది. విజయవాడ డాక్టర్లు చూసి, స్వరపేటిక తీసేస్తే మనిషి బతుకుతాడు గాని మాట ఉండదన్నారు.

ఆపరేషన్‌కు ముందు తొమ్మిది రోజులు ఆయన నా పక్కన స్టూలు మీద కూచుని చెప్పాడు, నేను టైపు చేశాను. తెలుగు అక్షరాలు ఆ మెషీన్‌లో లేవు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఆయన దగ్గు ఆపుకుంటూ, మధ్యలో నీళ్లు తాగుతూ చెప్పేవాడు. చెట్ల సంగతుల మధ్య ఇంటి సంగతులు కూడా దొర్లేవి. ఫలానా గట్టు మీది కొబ్బరి మామిడి కింద తన పెళ్లి మాటలు జరిగాయనీ, ఇంకో చెట్టు మీంచి పడి అన్నగారి చెయ్యి విరిగిందనీ. అవీ కొట్టేశాను. నిజానికి నేను వినడం తక్కువ, కొట్టడం ఎక్కువ. చెవిలో పడింది వేళ్లలోంచి పోయేది, అంతే.

ప్రతి ఫైలూ రెండు ఫ్లాపీల్లో పెట్టుకోమని కోర్సులో మాస్టారు వందసార్లు చెప్పారు. నేను పెట్టలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాను. ప్రింటరు రిపేరుకు వెళ్లింది, అది వచ్చాక కాగితాల మీద కూడా తీసుకోవచ్చు కదా అనుకున్నాను. తాత మాట మొత్తం ఒక్క ఫ్లాపీ మీద ఉంది. ఈలోగా ఆయన గొంతు తీసేశారు.

కోతలు మొదలయ్యే ముందు మంచిరోజు చూసి ఆఫీసులో పూజ చేస్తారు. కాయలు కోసే చిక్కాలకు, గంపలకు, కాటాకు, అంట్లు కట్టే చాకులకు అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టడం షావుకారుగారి తల్లి పని. ఆమెను మేమంతా మామ్మగారనేవాళ్లం. ఆ శుక్రవారం పొద్దున ఆమెకు చూపిద్దామని తాత ఫైలు తెరిచి పెట్టాను. ఆమె స్క్రీన్‌ను కాసేపు చూసి, ఇందులో తాత ఎక్కడున్నాడని అడిగింది. నేను గొప్పగా డ్రైవు తలుపు తీసి ఫ్లాపీ బయటికి లాగి ఆవిడ చేతిలో పెట్టాను.

"అయితే దీనికీ ఓ బొట్టు పెట్టవే అమ్మా" అన్నారు షావుకారుగారు.

ప్రసాదాల పళ్లెం అందుకోవడానికి నేను గుమ్మం దాకా వెళ్లాను. అంతే, ఆ రెండు నిమిషాలే. ఆ పెద్ద ఫ్లాపీకి కింది వైపు కోలగా ఒక ఖాళీ ఉంటుంది, అందులోంచి లోపలి నల్లటి బిళ్ల కనబడుతుంది. మామ్మగారికి అదే నుదురనిపించింది. తడి పసుపు మూడు వేళ్లతో అక్కడే రాసి, మధ్యలో కుంకుమ అద్ది, పైన రెండు అక్షింతలు వేసి నా చేతికిచ్చింది. ఆవిడ ఎంత శ్రద్ధగా పెట్టిందో చూస్తే కోపం కూడా రాలేదు.

పైటచెంగుతో తుడిచాను. పసుపు ఇంకాస్త లోపలికి పాకింది. డ్రైవులో పెట్టి దాచమని మీటలు నొక్కితే లోపల గరగరమని చప్పుడైంది, ఫ్లాపీ చదవలేకపోతున్నానని మెషీన్ చెప్పింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే చెప్పింది. ఇప్పుడు తాత మాటలు ఉన్న చోటు ఒకటే, ఆ తెరిచి ఉన్న స్క్రీన్. అది ఆరిపోతే ఆ మాటలూ పోతాయి. గోడ గడియారం చూశాను. పదిన్నర దాటింది. వేసవి కోత కింద మాకు రోజూ పదకొండింటికి కరెంటు తీసేసేవాళ్లు. ఒక్కోరోజు అయిదు నిమిషాలు ముందే తీసేవాళ్లు.

కొత్త ఫ్లాపీలు డబ్బాలో ఉన్నాయి. కానీ వాటిని ఫార్మాట్ చెయ్యాలంటే ఎడిటర్‌లోంచి బయటికి రావాలి, వస్తే ఫైలు పోతుంది. మిగిలింది పక్క డ్రైవులో ఉన్న ప్రోగ్రాం ఫ్లాపీ. దాని అంచు గాటు మీద మాస్టారు వెండిరంగు స్టిక్కరు అంటించి, ఇది పీకావంటే మెషీన్ మూలకు పడుతుందని బెదిరించి పంపారు. ఆ స్టిక్కరు ఉన్నంతవరకు దాని మీద ఏమీ రాయలేం. ఫ్లాపీ బయటికి తీసి గోటితో పీకాను. గోరు విరిగింది. మళ్ళీ లోపల పెట్టి తలుపు మూశాను.

ఇక ఫైలు మొత్తానికి గుర్తు పెట్టి ఒక్కసారిగా రాయించాలి. అక్కడ నా బుర్ర ఆగిపోయింది. రాసేది డబ్ల్యూనా, వైనా? నోటికొచ్చన్న అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. పైనున్న పట్టికను మళ్ళీ రప్పించే మీట కూడా గుర్తుకు రాలేదు. ఒకటి కొడితే తాత ఉంటాడు, ఇంకోటి కొడితే ఉండడు. షావుకారుగారు వెనక నిలబడి ఏంటమ్మాయ్ చెమటలు పట్టాయని అడిగారు. ఏం లేదండీ, ఉక్కగా ఉంది అన్నాను. ఫ్యాను నా నెత్తి మీదే తిరుగుతోంది.

చివరికి ఒక ఉపాయం తోచింది. మొదటి పేజీ పైన అర్థం లేని ఒక లైను కొట్టి, దానికి మాత్రం గుర్తు పెట్టి, వై కొట్టాను. లైను మాయమైంది. అయితే రాసేది డబ్ల్యూ. ఆ వై గనక ఫైలు మొత్తం మీద కొట్టి ఉంటే తాత కూడా ఆ లైనులాగే మాయమయ్యేవాడు. మొదట్లో గుర్తు పెట్టాను. ఫైలు చివరికి ఒక్క దూకులో వెళ్లే మీటలు ఉన్నాయి గాని వాటిలో క్యూ ఉంది. క్యూ దరిదాపులకు వెళ్లే ధైర్యం నాకు లేదు. పేజీ తర్వాత పేజీ కిందికి జరుపుకుంటూ పోయాను. బల్బు ఒకసారి మినుకుమంది. తొమ్మిదో రోజు చెప్పింది వచ్చింది, అది అయిపోయింది, కింద స్క్రీన్ ఖాళీగా కనబడింది. అక్కడ గుర్తు పెట్టి డబ్ల్యూ కొట్టాను. పేరు అడిగింది. ముందు పక్క డ్రైవు గుర్తు పెట్టి, తాత అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాను. డ్రైవు దీపం ఎర్రగా వెలిగింది, చాలాసేపు వెలిగింది, ఆరింది.

అయిదారు నిమిషాలకు కరెంటు పోయింది. సాయంత్రం కరెంటు వచ్చాక తెరిచి చూస్తే చిన్నరసాలు, పెద్దరసాలు, కొబ్బరి మామిడి కింద పెళ్లి మాటలు అన్నీ ఉన్నాయి. గబగబా ఇంకో రెండు ఫ్లాపీల మీదికి ఎక్కించాను. ఆ పూట ఆఫీసు వెనక పంపు దగ్గర నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే. పసుపు పట్టిన ఫ్లాపీని తర్వాత మాస్టారు వచ్చి చూసి, దీన్ని దేవుడి గూట్లో పెట్టుకోండి అని వెళ్లారు.

మూడు వారాలకు తాత వచ్చాడు. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఊపిరి ఆ గుడ్డ వెనక నుంచి వస్తోంది. రాసిందంతా ఒకసారి వినిపించమని షావుకారుగారు చెప్పారు. రెండు పూటలు చదివాను. ఆయన కళ్లు మూసుకుని తన మాటలు తాను విన్నాడు, అక్కడక్కడ తలాడించాడు, అన్నగారి చెయ్యి విరిగిన చోట నవ్వాడు కూడా. చివరి లైను చదివి ఆగాను. ఆయన లేవలేదు. కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. అయిపోయిందన్నాను. ఆయన కాదన్నట్టు తలూపి స్క్రీన్ వైపు చూపించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. విజయవాడ బస్సెక్కే రోజు, పదో రోజు, ఆయన మధ్యాహ్నం భోజనాల వేళ మళ్ళీ వచ్చాడు. అప్పటికింకా కరెంటు కోతలు మొదలవలేదు. నేను అన్నం ముందు కూచుని ఉన్నాను. విసుక్కుంటూ చెయ్యి కడుక్కుని, కొత్త స్క్రీన్ మీద మొదలుపెడదామని ఖాళీ లైన్లు బోలెడు కొట్టి, ఆయన చెప్పిన ఏడెనిమిది లైన్లు టకటకా కొట్టేసి పంపించేశాను. ఆ ఖాళీ లైన్లనే నేను ఫైలు చివర అనుకున్నాను. వాటి కింద ఉన్నది కరెంటుతోపాటు పోయింది. ఆయన అన్నదాంట్లో మొదటి మాట ఒక్కటే నాకు మిగిలింది.

"ఇదొక్కటి మాత్రం జాగర్తగా రాయండి అమ్మాయిగారూ, ఇది నేనెవరికీ చెప్పలేదు."

నిజం చెప్పాలి. చెప్పలేకపోయాను. షావుకారుగారు పక్కనే ఉన్నారు, ఉద్యోగం పోతుందని భయం, అంతకన్నా తాత ముఖం చూడాలంటే భయం. కరెంటు వల్ల కొంచెం పోయింది తాతా, మళ్ళీ చెప్పండి, నేను పట్టుకుంటాను అన్నాను. ఆయన నావైపు తిరిగి కూచున్నాడు. పెదాలు నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా కదిపాడు. గుడ్డ వెనక గాలి బుసబుసమంది. నాకు ఒక్క ముక్క అందలేదు. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. నేను మీటల మీద వేళ్లు పెట్టి, ఏవో అక్షరాలు కొడుతూ కూచున్నాను. చెప్పడం అయ్యాక, వచ్చిందా అన్నట్టు కనుబొమలెత్తాడు.

"వచ్చింది తాతా, మొత్తం వచ్చింది" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టి, బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు.