అర్థం రాయని ఒక్క మాట

ఒక్క మాట బరువు ఎంతుంటుంది? నేను దాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పెద్ద చదువులు చదవలేదు. బోయిగూడలో మా వీధి పఠనాలయమే నా బడి. ఉర్దూ, ఇంగ్లీషు అక్కడే, నిఘంటువులు ముందు పెట్టుకొని నేర్చుకున్నాను. ఆదివారాలు విషాద నాటకాల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. సింహాసనం కోసం సొంత అన్నను చంపించిన రాజు గురించి చెబుతూ గొంతు వణికించేవాణ్ని. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఆ రాజు నాకేమీ కాడనే అనుకున్నాను.

పఠనాలయానికి కార్యదర్శి మా అన్న. కార్ఖానాలో ఫిట్టరు. ఇంగ్లీషు రాదు, పుస్తకాలు అంతగా చదవడు. అయినా అందరూ ఆయననే ఎన్నుకునేవారు. బీరువా తాళాలు ఆయన మొలతాడుకు వేలాడేవి. కొత్త పుస్తకం తెప్పించాలన్నా, ఉపన్యాసం పెట్టాలన్నా నేను ఆయన కుర్చీ ముందు నిలబడాలి. పేము అల్లిక ఊడిన పాత కుర్చీ. దాని మీద నాకంత ఆశ ఎందుకు పుట్టింది? నాకంటే తక్కువ చదివినవాడు అందులో కూర్చున్నాడన్న మంటేనా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన కొన్ని వారాలకు, సంఘాల పెద్దలంతా తమ వివరాలు ఇంగ్లీషులో రాసి ఇవ్వాలని కబురు వచ్చింది. కొత్త అధికారికి ఉర్దూ రాదు. అన్న తన దగ్గరున్న ఒకే ఒక్క గొప్ప కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎన్నో ఏళ్ల కిందట ప్లేగు వచ్చినప్పుడు రోగులను మోసినందుకు ఒక డాక్టరు ఉర్దూలో రాసిచ్చిన మెప్పు పత్రం. ‘రజాకార్‌గా పనిచేశాడు’ అని ఉంది అందులో. రజాకార్ అంటే తనంతట తాను సేవకు వచ్చినవాడు. కానీ అప్పటికి అదే పేరుతో తుపాకులు పట్టి ఊళ్ల మీద పడ్డ దళం వల్ల, ఆ మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్నారు.

మిగతాదంతా మంచి ఇంగ్లీషులో రాశాను. ఆ మాట దగ్గర కలం ఆగింది. ఎంతసేపు? ఒక బీడీ కాలేంత సేపు. అర్థం రాయలేదు. ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. తేదీ నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల లెక్కలో ఉంది. కాగితం ఎంత పాతదో ఆ అధికారికి తెలియకుండా, దాన్నీ అలాగే దించాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అన్న నన్ను నమ్మి సంతకం పెట్టాడు. మూడో రోజు, ఆ దళం మనిషేనని పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు. ఆయన మొత్తుకున్నా వినే ఓపిక ఆ రోజుల్లో ఎవరికుంది? ఉర్దూ తెలిసిన మున్షీ ఒకాయన అసలు కాగితం చదివేదాకా, ఏడు నెలలు లోపలే ఉన్నాడు. అప్పటికి కార్ఖానాలో పని పోయింది. వదిన పిల్లలతో పుట్టింటికి చేరింది. అమ్మ పెద్దకొడుకు కోసం గుమ్మం వైపే చూస్తూ పోయింది. తలకొరివి నేను పెట్టాను. కార్యదర్శి కుర్చీలోనూ నేనే కూర్చున్నాను.

విడుదలైన రోజు అన్న నేరుగా పఠనాలయానికి వచ్చాడు. కూర్చోలేదు.

“తమ్మీ, గా మాటకు మతలబ్ నీకు ఎరుక లేకుండెనా?”

“ఎరుక లేదన్నా,” అన్నాను.

ఆయన నా వెనక బీరువాలోని నిఘంటువుల వైపు చూశాడు. నవ్వాడు.

“నీకు ఎరుక లేని మాట సుత ఉన్నదారా! నీ నోట ఇనుడు గిదే మొదలు. మంచిగ కూసో తమ్మీ. కుర్సీ కాలు జెర ఊగుతది, పైలం.”

అన్న మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ తరవాతి ఆదివారం నేను ఆ రాజు గురించే మాట్లాడాను. ఈసారి గొంతు నిజంగానే వణికింది. అందరూ మెచ్చుకున్నారు.

అన్న సీతాఫల్‌మండిలో ఒక అద్దె గదిలో బతికి, ఈ సంగతి ఎవరితోనూ అనకుండానే పోయాడు. అని ఉంటే బాగుండేదేమో. క్షమించగలిగిన మనిషి ఇక లేడు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు.

ఆ రోజు రాయాల్సింది మాత్రం ఇప్పుడు రాస్తున్నాను. రజాకార్: తనంతట తాను సేవకు వచ్చినవాడు. మా అన్న.

నాకు ఎరుకే. ఆ రోజూ ఎరుకే.