మా బంధువే అన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పుకోగలుగుతున్నాను.

గద్వాలలో టీచర్ని. పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. హక్కుల పాఠమంటే మరీ హుషారు. చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే. మా ఇంట్లో గిన్నెలు, బట్టలు, ఊడవడం అన్నీ పక్కనున్న గట్టు మండలం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఈదమ్మే చూసుకునేది. పదకొండేళ్లు. ఒక్క ఆదివారం సెలవు లేకుండా.

ఒకరోజు కార్మిక శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. ఇళ్లలో పనిచేసేవాళ్ల పేర్లు రాసుకుంటున్నారట. పేరెక్కితే కార్డు వస్తుందట, పనిలో దెబ్బ తగిలితే సాయం అందుతుందట. "ఈమె మీ ఇంట్లో పనిచేస్తుందా?" అని అడిగాడు.

"లేదండీ, మా బంధువే" అన్నాను.

ఎందుకన్నాను? రేపు సెలవడుగుతుందనా? ఆలస్యంగా వస్తే కసరడానికి వీలుండదనా? ఎన్ని కారణాలు వెతుక్కున్నా, ఆమె నన్ను ఏదైనా నిలదీసి అడగగలిగే మనిషి అయిపోతుందేమోనన్న భయమే అసలు సంగతి.

ఆయన పోయాక ఈదమ్మ చేతిలోని గిన్నె బోర్లించి నా ముందుకొచ్చింది.

"టీచరమ్మా, నేను మీ సుట్టాన్నే అయితే మీ బిడ్డ పెండ్లిల నన్నెందుకు బంతిల కూసోపెట్టలే? ఎంగిలాకులెందుకు ఎత్తిపిచ్చిండ్రు?"

"కాగితాలంటే అంతా పరేషాన్, ఈదమ్మా."

"పరేషాన్ ఎవరికి? మీకా, నాకా?"

ఈదమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ కార్మిక శాఖాయన ఉన్నప్పుడు కూడా నా పరువు తీయలేదు.

నాలుగు నెలలకు మా మెట్లు కడుగుతూ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కార్డు లేదు, సాయం రాలేదు. నేను దవాఖానకు తీసుకెళ్తే "ఎంత మంచి టీచరమ్మ" అని వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పునూ కాదనలేదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వంకర పడిన ఆ చేత్తోనే ఈదమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పనిచేసే ఆడవాళ్లను పోగుచేసి, ఒక్కొక్కరి పేరూ దగ్గరుండి రాయించింది. ఇవాళ మా వీధిలో వాళ్లందరికీ ఆదివారం సెలవుందంటే ఆమె చలవే. నేను పుస్తకం చూసి చెప్పే పాఠాన్ని ఆమె చేసి చూపించింది. తన పేరు మాత్రం ఎక్కలేదు. చెయ్యి విరిగాక మాతో సహా ఎవరూ పనికి పిలవలేదు. పేరెక్కాలంటే ఆమె పనిచేసినట్టు చెప్పాల్సింది నేనే, నేనేమో బంధువని రాయించాను. అయినా ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. ఎంత పెద్ద మనసు!

నిన్న ఆ ఆఫీసుకు వెళ్లి రాసిచ్చాను. ఈదమ్మ మాకు బంధువు కాదు. పదకొండేళ్లు మా ఇంట్లో పనిచేసింది. పని చేస్తుండగానే చెయ్యి విరిగింది.

సంతకం పెట్టి బయటికొస్తే గుండె తేలికైంది. నాకు తేలికైంది. ఆమెకు ఇంకా కార్డు రాలేదు.