మైకు నా చేతిలో ఉన్నప్పుడు

చేపముల్లు గొంతులో గుచ్చుకుంటే ఒట్టి అన్నం ముద్ద మింగుతాం, దిగిపోతుంది. ఇది దిగలేదు. ఏళ్లు గడిచాయి, జుట్టు తెల్లబడింది, నేను పాఠం చెప్పిన పిల్లలు పిల్లల్ని కన్నారు. ఇది మాత్రం అక్కడే ఉంది. మా ఆవిడకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కనక మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

నేను యానాంలో బడిపంతుల్ని. కానీ ఊళ్లో అందరూ మైకు మాస్టారంటారు. గోదారి గట్టు పక్క గ్రౌండులో ఫుట్‌బాల్ టోర్నమెంటు జరిగితే టేబుల్ ముందు కూర్చుని కామెంటరీ చెప్పేది నేనే. బంతి ఎవరి దగ్గరుందో ఎవడైనా చెబుతాడు. జనాన్ని నవ్వించాలి, అదీ పని. బంతిని బయటికి తన్నినవాణ్ణి, "ఒరేయ్ నాయనా, ఏరు దాటి ఎదుర్లంక వెళ్లి తెచ్చుకో" అనాలి. జనం గొల్లున నవ్వాలి. ఆ నవ్వు ఉంది చూశారూ, దానికి బానిసనైపోయాను. మా ఊరి మందుకొట్ల ముందు పడిపోయేవాళ్లని చూసి చీదరించుకునేవాణ్ణి. నా వ్యసనం వాళ్లకంటే ఏం గొప్పది?

యానాంలో పేటకో జట్టుంది. కనకాలపేటకి ఒకటి, ఫరంపేటకి ఒకటి. పెద్ద క్లబ్బు మాత్రం ఒకటే. దాని పసుపు జెర్సీ వేసుకున్న కుర్రాడికి ఊళ్లో ఎక్కడికెళ్లినా కుర్చీ వేసేవారు. అలాంటి క్లబ్బుకి ఒక ఏడాది కొత్త కోచ్‌గా జయరాజు వచ్చాడు. ఊరి చివర దరియాలతిప్ప మనిషి. నాకంటే చిన్నవాడు. మేమిద్దరం ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. బయట రాష్ట్రాల్లో కోచింగ్ నేర్చుకుని వచ్చాడని కమిటీ వాళ్లు ఏరికోరి తెచ్చుకున్నారు.

నన్నెవరూ అడగలేదు. ఆ పదవి నాకు కావాలని కాదు. కాదా? ఒకప్పుడు నేనూ ఆ జెర్సీ వేసుకున్నవాణ్ణే. అడిగి ఉంటే వద్దనేవాణ్ణి, అది నిజం. వద్దని చెప్పే గౌరవం కూడా నాకు దక్కలేదని కడుపుమంట. అంత చిన్న బుద్ధి నాది.

జయరాజు వచ్చీ రాగానే పాతవన్నీ మార్చేశాడు. గోల్‌కీపర్ని బంతి దూరం తన్నొద్దన్నాడు, పక్కవాడికి అందించమన్నాడు. ప్రాక్టీసుకి ఫోన్లు తేవొద్దన్నాడు. ఊరంతా పెదవి విరిచింది. టీకొట్టు దగ్గర బజ్జీ తినేవాడు కూడా కోచ్ అయిపోయాడు. ఆఖరికి కెప్టెన్ వీరబాబుని పక్కన కూర్చోబెట్టాడు. ఊరికి వీరబాబంటే ప్రాణం. గోల్ పోస్టు ముందు వాడి కాలికి బంతి దొరికితే చాలు, చూడకుండానే ఈల వేసేవాళ్లు. అలాంటివాణ్ణి ఎందుకు తప్పించాడో జయరాజు ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నా కోసం ఆగాడు.

"వందనాలన్నా. ఒక్క మాట మాట్లాడాలండి."

"చెప్పు."

"వీరబాబుకి ప్రాక్టీసులో ఫిట్స్ వచ్చేయన్నా. మిగతా కుర్రాళ్లు అప్పటికింకా రాలేదు, నేనొక్కణ్ణే ఉన్నాను. కాకినాడ తీసుకెళ్లి చూపించేను. పరీక్షలన్నీ అయ్యేదాకా గ్రౌండులో దింపొద్దన్నారు డాక్టరు గారు."

"ఆ మాట కమిటీకి చెప్పేయొచ్చు కదయ్యా. ఎందుకీ తిట్లు?"

"కాళ్లు పట్టేసుకున్నాడండి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చేలా ఉందంట. ఇది బయటికొస్తే పోద్దని ఏడ్చేసేడు. చెప్పనని మాటిచ్చేను."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

"జనం తిడితే తిట్టనివ్వండి, పడతాను. మైకు మీ చేతిలో ఉంది కదండి. మీరు మాత్రం కొంచెం చూసి మాట్లాడండన్నా. అదే చాలు నాకు."

"సరేలే, నేను చూసుకుంటాను" అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

సెమీఫైనల్ రోజు గ్రౌండు కిక్కిరిసిపోయింది. మనవాళ్లు ఒక గోల్ వెనకబడ్డారు. వీరబాబు జెర్సీ వేసుకుని బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. జనం వాడి పేరే అరుస్తున్నారు. వాడి బదులు ఆడుతున్నది మా చర్చి కుర్రాడే. గోల్ ముందు ఖాళీగా దొరికిన బంతిని ఆ కుర్రాడు ఆకాశంలోకి తన్నాడు. గ్రౌండంతా ఉసూరుమంది. అందరూ నా వైపు చూశారు, వీడేమంటాడా అని. నాకు మాట దొరికింది. దొరకగానే అనేశాను.

"జయరాజు సార్ జట్టుని గ్రౌండులో ఎంచుకోలేదండోయ్, ప్రార్థన కూటంలో ఎంచుకొచ్చేరు!"

జనం పడీ పడీ నవ్వారు. అంత నవ్వు నా జన్మలో రాబట్టలేదు. జయరాజు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ ఆట వైపు తిరిగిపోయాడు. ఎలాగో మనవాళ్లు గెలిచి ఫైనల్‌కి చేరారు గానీ, ఊరికి గుర్తున్నది గెలుపు కాదు, నా మాట.

ఆ మాట వేరేవాడు అని ఉంటే ఎవరో ఒకరు తప్పుపట్టేవారు. నేను అన్నాను కనక నిజమైపోయింది. వాళ్ల చర్చి మనిషే అన్నాడంటే ఉత్తినే అంటాడా, అన్నారు. మతం చూసి ఆడిస్తున్నాడు, హిందువని వీరబాబుని తొక్కేస్తున్నాడు అన్నారు. ఒకే బల్ల మీద కూర్చుని జీడిపప్పు తినే మనుషులు రెండు రోజులకే ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకున్నారు. దానికి కారణం నేనే.

కమిటీ మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు. రొయ్యల వ్యాపారం మీద పక్క జిల్లా నుంచి వచ్చి మా ఊళ్లోనే స్థిరపడ్డ పెద్దమనిషి అప్పుడు ప్రెసిడెంటు. మంచివాడే. జయరాజుని కారణం అడిగాడు. "చెప్పలేనండి, నన్ను నమ్మండి" అన్నాడు జయరాజు. ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు.

"మాస్టారూ, మీరూ మీరూ ఒకటి కదా. వీరబాబుని తప్పించడానికి ఏదైనా కారణం ఉందా? మీకు తెలిస్తే చెప్పండి."

"లేదండి. నాకు తెలిసి ఏమీ లేదండి" అన్నాను.

వీరబాబు రహస్యం కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎంత బాగుందో చూడండి ఆ సాకు! 'కారణం ఉంది, నేను చెప్పకూడదు, ఆయన్ని నమ్మండి' అనొచ్చుగా? ఆ మాట నాకు ఆ రోజే తట్టింది. నోటిదాకా వచ్చింది. కానీ అలా అంటే, నేను మైకులో అన్నది తెలిసి చేసిన వెధవపని అని అందరికీ తెలిసిపోతుంది. అందుకని మింగేశాను. సిగ్గుమాలినవాణ్ణి.

జయరాజుని తీసేశారు. ఆ తర్వాతి ఆదివారం కూడా నాకు ఎదురొచ్చి "వందనాలన్నా" అన్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొన్నాళ్లకి కుటుంబంతో కాకినాడ వెళ్లిపోయాడు. ఏదో ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాడని తెలిసింది. మతం చూసే కోచ్ అన్న పేరు ఆయన కంటే ముందే అన్ని ఊళ్లకీ వెళ్లింది. మళ్లీ ఏ క్లబ్బూ పిలవలేదు.

వీరబాబు ఫైనల్ ఆడాడు. పడిపోలేదు. గోల్ కొట్టాడు, కప్పు వచ్చింది. చూశారా, ఆ జయరాజు మాట వినుంటే ఏమైపోయేవాళ్లం, అన్నారు జనం. ఆ ఆటంతా నేను బంతిని చూడలేదు, వాడి కాళ్లనే చూశాను. దేవా, వీడు పడిపోకూడదు అని ప్రార్థించాను. వాడి కోసమా? వాడు పడితే నా అబద్ధం బయటపడుతుందని. వాడు ప్రాణం పణంగా పెట్టి ఆడుతుంటే నేను నా పరువు లెక్క చూసుకున్నాను.

తర్వాత వాడికి ఉద్యోగం వచ్చింది. నేను మైకు వదల్లేదు. చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోమంటారు పాస్టరు గారు. నేను కళ్లు మూసుకుంటాను. జయరాజు కనిపిస్తాడు. కళ్లు తెరిచి రొట్టె తీసుకుంటాను.

పోయిన వానాకాలంలో జయరాజు పోయాడు. సమాధి కార్యక్రమం నుంచి వీరబాబు నేరుగా మా ఇంటికొచ్చి వరండాలో కూలబడి ఏడ్చాడు. ఫిట్స్ సంగతి మొత్తం చెప్పాడు. ఇప్పటికీ మాత్రలు వాడుతున్నాడట.

"ఒక్క మాట చెప్పుంటే ఆయన పదవి నిలబడేదండి. ఎవ్వరికీ చెప్పలేదు మాస్టారూ, పెళ్లానికి కూడా చెప్పలేదంట. ఇప్పుడు నా ఉద్యోగానికి భయం లేదు. టోర్నమెంటు మొదలయ్యే రోజు మైకులో మీరే చెప్పాలండి, ఆయన తప్పేం లేదని."

"అయ్యో, అలాగా! ఇన్నాళ్లూ మాకెవరికీ తెలీదే" అన్నాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

చెప్పాను. మైకులో అంతా చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ప్రార్థన కూటం మాట కూడా నేనే ఎత్తి, తెలియక నోరు జారానని క్షమాపణ అడిగాను. జనం లేచి నిలబడ్డారు. ముసలివాడైపోయిన ప్రెసిడెంటు గారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న జయరాజు భార్య నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించింది.

"మా ఆయన పేరు నిలబెట్టేరండి అన్నయ్య గారూ. మీ రుణం తీర్చుకోలేనండి" అంది.

నేనూ చేతులు జోడించాను.

ఇప్పుడు చెబితే జయరాజు ఎవ్వరికీ చెప్పలేదన్న ఆ ఒక్క మంచిమాటా పోతుందని కొత్త సాకు వెతుక్కున్నాను. నాకు సాకులకి కొదవా? వీరబాబుకి గానీ జయరాజు భార్యకి గానీ ఎదురుగా చెప్పే ధైర్యం ఈ జన్మకి రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు క్షమించినా అది చెల్లదు. ఒక్కసారి రాసుకుంటే ఊపిరాడుతుందేమోనని రాస్తున్నాను. నేను తెలియక నోరు జారలేదు. జయరాజు నాకు చెప్పాడు. ఊరు మొత్తంలో నన్నొక్కణ్ణే నమ్మి చెప్పాడు.