తెగిన తీగలో ఎనిమిది ఆంపియర్లు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తా. దయ్యాలకు సిలబస్‌లో మార్కులు లేవు కాబట్టి వాటి గురించి చదవలేదు, భయపడనూ లేదు.

మొన్నటెండాకాలం మా మేనమామ ఎంకన్న బోరు మోటారు ఆగిపోయింది. తిరుమలగిరి దిక్కు ఆయనకు బత్తాయి తోట ఉంది. చెట్లు వాడుతున్నయంటే పోయిన. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగను ఉడత కొరికింది. అంతే. అతుకేస్తే అయిపోయే పని.

ఫ్యూజు నేనే పీకి జేబులో వేసుకున్న. ఫ్యూజు పీకి పని చేసేటోళ్లు ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు తువ్వాల కడతరు. దాన్ని చూస్తే ఇంకెవ్వరూ కరెంటు ముట్టరు. మామ తన తువ్వాల కట్టిండు. మేము పని చేసే జాగకు చెట్లు అడ్డం, ట్రాన్స్‌ఫార్మర్ కనబడదు.

మామ తీగను సాపుగా కోసి, కొసను నోటి దగ్గరికి తెచ్చిండు. మా దిక్కు తీగ తొక్క పండ్లతో కొరికే తీస్తరు.

"కటింగ్ ప్లేయర్ తెచ్చిన కదా మామా!"

"దాని పండ్లు అరిగినయ్ అల్లుడా. నాయి జర గట్టిగనే ఉన్నయ్."

"ఆగు, మీటర్ పెట్టి చూస్త."

"ఫ్యూజు నీ జేబుల్నే ఉన్నది. నీ మీద నీకే నమ్మకం లేదా సారూ?"

మోటారుకు వచ్చే రెండు తీగల మధ్య వోల్టేజీ సున్నా. నాది క్లాంప్ మీటర్, దాని కొండిని తీగ చుట్టూ పెడితే ఎంత కరెంటు పారుతుందో చెప్తది. అలవాటు కొద్దీ మామ పట్టుకున్న తీగ చుట్టూ పెట్టిన. ఎనిమిది ఆంపియర్లు.

తీగ తెగి ఉంది. కొస గాలిలో ఉంది. కరెంటు పారనీకి దారే లేదు. మీటర్ తీసి మళ్లీ పెట్టిన. ఎనిమిదే.

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. సున్నా వచ్చింది. రెండింటినీ గుణిస్తే పవర్. అదీ సున్నానే. లెక్క ప్రకారం మామ ఆ తీగను చెరుకుగడ లెక్క నమలొచ్చు. నా చేతుల మీది వెంట్రుకలు మాత్రం లేచి నిలబడ్డయ్.

"పారెయ్ మామా!"

ఆ గొంతు నాదని నాకే అనిపించలేదు. మామ ఉలిక్కిపడి విసిరిండు. తీగ పోయి బోరు ఇనుప పైపు మీద పడ్డది. ఒక్క క్షణం ఏం లేదు. తర్వాత ఫట్టుమని మంట లేచింది.

ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరికితే పక్క చేను యాదగిరి నిలబడి ఉన్నడు. ఆయన మోటారుకూ అదే ఫ్యూజు. తువ్వాల గాలికి ఎగిరి కాల్వల పడింది.

"తువ్వాల లేదు, మనిషి లేడు. ఫ్యూజు ఎవడో ఎత్తుకపోయిండనుకొని దాని జాగల రాగి తీగ పెట్టిన సారూ."

"ఎప్పుడు పెట్టినవ్?"

"గిప్పుడే. తోటల అరుపు ఇనబడ్డంక. కోతులను ఎల్లగొడ్తుండ్రనుకున్న."

నా ఎనక ఉరికొచ్చిన మామ అది ఇన్నడు. చాలాసేపు పెదవులు తడుముకుంటనే ఉన్నడు.

సాయంత్రం అతుకేసి మోటారు నడిపినం. వోల్టేజీ రెండు వందల ముప్ఫై రెండు. కరెంటు సరిగ్గా ఎనిమిది. భాగిస్తే ఇరవై తొమ్మిది ఓములు, గుణిస్తే పద్దెనిమిది వందల యాభై ఆరు వాట్లు. మోటారు లెక్కలో ఇంకా కొన్ని మెలికలుంటయి గానీ, మా పిల్లలకు ఈ మాత్రం చాలు.

మీటర్‌ను దుకాణంల చూపిస్తే ఏ లోపమూ లేదన్నరు. పక్క తీగల ప్రభావం అందామంటే, అప్పుడు ఆ చుట్టుపక్కల కరెంటున్న తీగే లేదు. యాదగిరి ఇంకా ముట్టని కరెంటు నా మీటర్‌లోకి ఎట్ల వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

తెగిన తీగకు సున్నా చూపాలె. అదే సరైన జవాబు. ఆ రోజు మీటర్ సరైన జవాబే చూపి ఉంటే, నేను "కానియ్ మామా" అనేవాణ్ని.